ఢిల్లీ స్కూల్లో ఉండిపోయినవాళ్ళు

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ అనగానే మూడు పేర్లు వెంటనే గుర్తొస్తాయి: అమర్త్య సేన్, జగదీశ్ భగవతి, మన్మోహన్ సింగ్. ఒకరికి నోబెల్ వచ్చింది, ఒకరు అంతర్జాతీయ వాణిజ్య సిద్ధాంతంలో ప్రపంచం గుర్తించిన పండితుడు, ఒకరు పదేళ్ళు ప్రధాని. అయితే ఈ ముగ్గురూ అక్కడ పాఠాలు చెప్పిన కాలమంతా 1962కీ 1971కీ మధ్యనే ఇమిడిపోతుంది. ఆ సంస్థ వయసేమో డెబ్బై అయిదేళ్ళు దాటింది. ఆ కొద్ది ఏళ్ళనే దాని చరిత్ర అనుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ముందువాళ్ళు వేసిన పునాదినీ, వీళ్ళు వెళ్ళిపోయాక శాఖను నిలబెట్టినవాళ్ళ పనినీ కలిపి చూస్తేనే ఒక విశ్వవిద్యాలయ శాఖ ఎలా బతుకుతుందో తెలుస్తుంది.

పునాది వేసినవారు వి.కె.ఆర్.వి. రావు. పేరు చూసి మనవాడనుకునేవాళ్ళున్నారు గానీ ఆయనది కన్నడ కుటుంబం, పుట్టింది 1908లో కంచిలో. కేంబ్రిడ్జిలో ఆర్థికవేత్త కీన్స్ దగ్గర చదువుకున్నారు. ఆయన తలకెత్తుకున్న ప్రశ్న వినడానికి చాలా మామూలుది: ఈ దేశంలో సగటు మనిషి ఏడాదికి ఎంత సంపాదిస్తున్నాడు? దాదాభాయి నౌరోజీ ఈ ప్రశ్న వేసి, తలకు 20 రూపాయలని 19వ శతాబ్దంలోనే ఒక అంచనా కట్టారు. రావు దాన్ని మరింత పద్ధతిగా చేశారు. వ్యవసాయం, పశుపోషణ, గనులు, అడవుల విషయంలో ఎంత పండింది, ఎంత తవ్వారు, దాని విలువెంత అని లెక్కకట్టారు. వ్యాపారం, రవాణా, ఉద్యోగాలు, ఇళ్ళలో పనులు లాంటివాటిలో కొలవడానికి వస్తువంటూ ఉండదు. అక్కడ 1931 జనాభా లెక్కల నుంచి ఏ వృత్తిలో ఎంతమంది ఉన్నారో తీసుకుని, వాళ్ళ ఆదాయాలను కూడారు. ఈ రెంటినీ కలిపితే 1931-32లో బ్రిటిష్ ఇండియాలో తలసరి ఆదాయం ఏడాదికి 62 రూపాయలని తేలింది. అంటే నెలకు అయిదు రూపాయల చిల్లర. 1940లో పుస్తకంగా వచ్చిన ఈ లెక్క వలస పాలన మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చినా చెప్పలేనిది చెప్పింది.

రావు 1942లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి ప్రొఫెసర్‌గా వచ్చారు. అప్పటి వైస్ ఛాన్సలర్ మారిస్ గ్వయర్. పై చదువుకు లండన్‌కో కేంబ్రిడ్జికో ఓడెక్కే అవసరం లేకుండా, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ స్థాయి సంస్థ ఇక్కడే ఉండాలని రావు పట్టుబట్టారు. 1949లో స్కూలు మొదలైంది. నెహ్రూ అండగా నిలిచారు. టాటాల ట్రస్టు సాయంతో లైబ్రరీ లేచింది, దాన్ని ఇప్పటికీ రతన్ టాటా లైబ్రరీ అనే పిలుస్తారు. ఆ 1949లోనే కేంద్రం జాతీయాదాయ కమిటీని వేసింది. అందులో సభ్యులు ముగ్గురు: గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్, ఆర్థికవేత్త గాడ్గిల్, రావు. కొత్త ప్రభుత్వం తన లెక్కలు తాను కట్టుకోవడమూ ఆ లెక్కలు తెలిసినవాళ్ళను తయారుచేసే బడి తెరుచుకోవడమూ ఒకే ఏడాది, కొంతవరకు ఒకే మనిషి చేతుల మీదుగా జరిగాయి. స్కూలు బలమూ తర్వాత దానికొచ్చిన చిక్కూ రెండూ ఈ దగ్గరితనం నుంచే పుట్టాయని నా అభిప్రాయం.

పాఠం చెప్పేవాళ్ళు గురువు మాటను ఎలా పట్టుకోవాలో, ఎక్కడ వదలాలో కూడా రావే చూపించారు. ఆర్థిక మాంద్యంలో ప్రభుత్వం రూపాయి ఖర్చు పెడితే దేశ ఆదాయం రూపాయి కన్నా ఎక్కువే పెరుగుతుందని కీన్స్ చెప్పాడు. కూలీ చేతికొచ్చిన డబ్బు దుకాణానికి, అక్కణ్ణుంచి మిల్లుకు, మిల్లు నుంచి ఇంకో కూలీకి పోతుంది. మూతపడ్డ యంత్రాలు మళ్ళీ తిరుగుతాయి. రావు 1952లో రాసిన వ్యాసంలో ఇది మన దేశానికి సరిగ్గా అతకదన్నారు. ఇక్కడ ఖాళీగా ఉన్న చేతులు ఎన్నో ఉన్నాయి, ఖాళీగా ఉన్న యంత్రాలు లేవు. కూలీకి నాలుగు డబ్బులు దొరకగానే ముందు కొనేది బియ్యం. గిరాకీ పెరిగిందని వరి వచ్చే నెలకే ఎక్కువ పండదు. పైగా కాస్త కలిగిన రైతు కుటుంబం తానే కడుపునిండా తిని, సంతకు తెచ్చే గింజలు తగ్గిస్తుంది. చివరికి పెరిగేది ఉత్పత్తి కాదు, ధర. ఈ వాదన మీద తర్వాత చాలా చర్చ జరిగింది. అయినా కేంబ్రిడ్జిలో నేర్చిన సూత్రాన్ని మన పొలం గట్టు మీద నిలబెట్టి పరీక్షించడమనే అలవాటు ఆ స్కూలుకు అక్కడే అబ్బింది.

మన నేలతో స్కూలుకు గట్టి బంధం ఇంకొకరి వల్ల ఉంది. హైదరాబాదులో పుట్టిన ఎ.ఎం. ఖుస్రో ఢిల్లీ స్కూల్లో ప్రొఫెసర్‌గా పనిచేశారు. తర్వాత అలీగఢ్ వైస్ ఛాన్సలరయ్యారు, పదకొండో ఆర్థిక సంఘానికి అధ్యక్షత వహించారు. పదవుల సంగతి అలా ఉంచి, 1958లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రచురించిన ఆయన అధ్యయనం చూడండి. హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్ల రద్దు, భూసంస్కరణలు పల్లెల్లో ఏం మార్పు తెచ్చాయన్నది దాని విషయం. 1950 కౌలు చట్టం కింద దున్నేవాళ్ళకు రక్షిత కౌలుదారులన్న హోదా వచ్చింది. కాగితం మీద వాళ్ళను ఎవరూ కదపలేరు. 1951లో ఆ హోదా పొందిన ప్రతి 100 మందీ నాలుగేళ్ళ తర్వాత ఏమయ్యారని ఖుస్రో వెతికారు. హోదా నిలబెట్టుకున్నవాళ్ళు 45.4 మంది. భూమి కొనుక్కుని యజమానులైనవాళ్ళు 12.4. చట్టప్రకారం ఖాళీ చేయించినది 2.6 మందిని. చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టినది 22.1 మందిని. మిగిలిన 17.5 మంది తమ హక్కును 'స్వచ్ఛందంగా' వదులుకున్నారట.

ఆ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. ఊళ్ళో దొర కబురు పంపితే వెళ్ళి వేలిముద్ర వేసిన కౌలుదారు కూడా రికార్డులో స్వచ్ఛందంగానే కనిపిస్తాడు. చట్టం అమలైందా లేదా అన్న ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటతో సరిపెట్టకుండా, మనిషి మనిషినీ వెతికి అయిదు గుంపులుగా విడదీసి చూపినందుకే ఈ లెక్కను భారత భూసంస్కరణల చరిత్ర రాసినవాళ్ళు ఇప్పటికీ ఎత్తి చెబుతారు. ఖుస్రోలాగే, కరీంనగర్ జిల్లా నుంచి వెళ్ళిన సి.హెచ్. హనుమంతరావు కూడా ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆవరణలోనే వి.కె.ఆర్.వి. రావు స్థాపించిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ గ్రోత్‌లో వ్యవసాయం మీద దశాబ్దాల పాటు పనిచేశారు. తర్వాత ప్రణాళికా సంఘ సభ్యులయ్యారు.

ఇక అందరికీ తెలిసిన అధ్యాయం. మొదటి పంచవర్ష ప్రణాళిక రచనలో పాతికేళ్ళ వయసుకే పాలుపంచుకున్న కె.ఎన్. రాజ్ 1953లో స్కూలుకు వచ్చారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు ఆర్థిక ఫలితాల మీద పుస్తకం రాశారు. తర్వాత భగవతి 1962లో, సేన్, సుఖమయ్ చక్రవర్తి 1963లో ప్రొఫెసర్లుగా చేరారు. చేరేనాటికి ముగ్గురికీ ముప్పై నిండలేదు. సీనియారిటీ మెట్లు లెక్కపెట్టే మన విశ్వవిద్యాలయాల్లో ఇది ఎంత సాహసమో అక్కడ పనిచేసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

సేన్ నోబెల్‌కు మూలమైన పనిలో పెద్ద భాగం ఢిల్లీ తరగతి గదుల్లోనే జరిగింది. అదేమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. ఊరికి వచ్చిన నిధులతో చెరువు పూడిక తీయాలా, రోడ్డు వేయాలా, బడి కట్టాలా? ముగ్గురు ఓటర్లున్నారు. మొదటివాడి వరస చెరువు, రోడ్డు, బడి. రెండోవాడిది రోడ్డు, బడి, చెరువు. మూడోవాడిది బడి, చెరువు, రోడ్డు. చెరువా రోడ్డా అని ఓటు పెడితే ఇద్దరు చెరువంటారు. రోడ్డా బడా అంటే ఇద్దరు రోడ్డంటారు. అలాంటప్పుడు బడి కన్నా చెరువే గెలవాలి కదా? గెలవదు. బడా చెరువా అని అడిగితే ఇద్దరు బడికే ఓటేస్తారు. ఒక్కొక్కరి ఆలోచనా సవ్యంగానే ఉంది, ఊరి నిర్ణయం మాత్రం గిరగిరా తిరుగుతోంది. ఈ చిక్కును 18వ శతాబ్దంలోనే ఫ్రాన్సులో కాండోర్సే గమనించాడు. 1951లో ఆర్థికవేత్త కెనెత్ ఆరో దాన్ని ఇంకా విస్తరించి, సమష్టి నిర్ణయాల మీదే పెద్ద సందేహం లేవనెత్తాడు. మరి జనం ఇష్టాయిష్టాలు ఎలా ఉంటే మెజారిటీ ఓటు సవ్యంగా పనిచేస్తుంది? సేన్, స్కూల్లో ఆయన శిష్యుడైన ప్రశాంత పట్నాయక్ కలిసి 1969లో దీనికి కచ్చితమైన షరతులు చెప్పారు. మరుసటి ఏడాది సేన్ పుస్తకం 'కలెక్టివ్ ఛాయిస్ అండ్ సోషల్ వెల్ఫేర్' వచ్చింది. ఓట్లతో నడిచే కొత్త దేశంలో కూర్చుని ఓటు గురించి ఇంత లోతుగా ఆలోచించడం ఊరికే జరగలేదనిపిస్తుంది.

తర్వాత వరసగా వెళ్ళిపోవడం మొదలైంది. భగవతి 1968లో అమెరికాలో ఎంఐటీకి వెళ్ళారు. అంతర్జాతీయ వాణిజ్యం బోధించడానికి 1969లో వచ్చిన మన్మోహన్ సింగ్ 1971లో విదేశీ వాణిజ్య శాఖలో ఆర్థిక సలహాదారయ్యారు. ఆ ఏడాదే సేన్ లండన్‌కు, చక్రవర్తి ప్రణాళికా సంఘానికి, రాజ్ తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ కట్టడానికి కదిలారు. చక్రవర్తి మాత్రం తిరిగొచ్చి చివరిదాకా పాఠాలు చెప్పారు. ప్రభుత్వానికి దగ్గరగా ఉన్న శాఖకు మంచి ప్రశ్నలు దొరుకుతాయి, మంచి మనుషులను ఆ ప్రభుత్వమే ఎత్తుకుపోతుంది. విదేశీ విశ్వవిద్యాలయాల పిలుపు దీనికి తోడు.

ఒక్క ఏడాదిలో ఇంతమంది వెళ్ళిపోతే మామూలు శాఖ కూలిపోవాలి. ఇది కూలలేదు, ఎందుకంటే కొందరు ఉండిపోయారు. ఎ.ఎల్. నాగర్ రోటర్‌డామ్‌లో హెన్రీ థీల్ దగ్గర చదువుకుని, చిన్న నమూనాలతో వేసే అంచనాల్లో ఎంత పొరపాటు దొర్లుతుందో 1959లో సూత్రబద్ధంగా చూపినవారు. ఆయనా కె.ఎల్. కృష్ణా ఆర్థిక విషయాలను గణాంకాలతో పరీక్షించే ఎకనామెట్రిక్స్‌ను తరతరాల విద్యార్థులకు నేర్పారు. ధర్మా కుమార్ 'ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ' పత్రికకు సంపాదకత్వం వహిస్తూ ఆర్థిక చరిత్రకు గౌరవం తెచ్చారు. 1965లో వచ్చిన ఆమె పుస్తకం 'ల్యాండ్ అండ్ కాస్ట్ ఇన్ సౌత్ ఇండియా' మద్రాసు ప్రెసిడెన్సీ గురించినది. అందులో మన కోస్తా జిల్లాలూ సీమ జిల్లాలూ ఉన్నాయి. భూమిలేని కూలీలను బ్రిటిష్‌వాళ్ళే సృష్టించారన్నది అప్పటి బలమైన నమ్మకం. వాళ్ళు రాకముందే కులం పేరుతో భూమికి దూరమైన పెద్ద వర్గం ఇక్కడ ఉందని ఆమె వాదించారు. దీన్ని ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు, కానీ ఆమెను పట్టించుకోకుండా ఎవరూ రాయలేకపోయారు. 1990లలో జీన్ డ్రెజ్ స్కూల్లో బోధించారు. ఉపాధి హామీ చట్టం వెనుక ఆయన కృషి ఉంది. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించింది స్కూలు మాజీ ప్రొఫెసరే, ప్రధాని హోదాలో.

ఉండిపోయినవాళ్ళలో మన రాష్ట్రాన్ని నేరుగా తాకినవారు సురేశ్ టెండూల్కర్. పేదరికాన్ని కొలిచే పద్ధతిని సరిచేయమని ప్రణాళికా సంఘం వేసిన కమిటీకి ఆయన అధ్యక్షుడు, నివేదిక 2009లో ఇచ్చారు. అంతకుముందు పద్ధతి ప్రకారం 2004-05లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మనిషికి నెలకు 292.95 రూపాయలు ఖర్చు పెట్టే స్థోమత ఉంటే పేద కాదు. దేశంలో అన్ని రాష్ట్రాల్లోకీ అదే తక్కువ పేదరికపు గీత. మన పట్నాల్లో గీత మాత్రం 542.89. దాంతో పల్లెల్లో పేదలు 11.2 శాతం, పట్నాల్లో 28 శాతం అని తేలింది. కరువు సీమ పల్లె కన్నా పట్నంలోనే పేదరికం రెండింతలకు పైగా ఉందంటే నమ్మగలమా? 1970ల నాటి వాడకాన్ని పట్టుకుని ధరలు మాత్రం పెంచుకుంటూ రావడం, చదువు, వైద్యం సర్కారే ఉచితంగా ఇస్తుందనుకోవడం ఆ లెక్కలోని లోపాలు. టెండూల్కర్ కమిటీ జనం నిజంగా చెల్లిస్తున్న ధరలను తీసుకుంది, బడి ఫీజులూ మందుల ఖర్చూ కలిపింది. మన పల్లెల గీత 433.43కు పెరిగింది. పల్లె పేదలు 32.3 శాతమయ్యారు. రెండు లెక్కలకీ మధ్య ఒక్క కుటుంబం సంపాదనా మారలేదు. అంతవరకూ లెక్కకు రాని పేదలు లెక్కలోకి వచ్చారు, అంతే.

ఈ కొత్త గీత కూడా చాలా తక్కువన్న విమర్శ వచ్చింది. 2011లో ప్రణాళికా సంఘం దీని ఆధారంగానే పట్నాల్లో రోజుకు 32 రూపాయలు, పల్లెల్లో 26 అని సుప్రీంకోర్టుకు చెప్పినప్పుడు దేశమంతా మండిపడింది. జవాబు చెప్పడానికి టెండూల్కర్ లేరు, అంతకు కొద్ది నెలల ముందే కన్నుమూశారు. 2014లో రంగరాజన్ కమిటీ గీతను ఇంకా పైకి జరిపింది. 2011-12లో పేదలు టెండూల్కర్ పద్ధతిలో 21.9 శాతమైతే ఈ కమిటీ లెక్కలో 29.5 శాతం. ఆ నివేదికను ప్రభుత్వం అధికారికంగా స్వీకరించలేదు.