ప్రమాదస్థలిలో తొలి చేతులు
2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన 108 సేవల పనితీరును సాధారణంగా అంబులెన్సు చేరిన సమయంతోనే కొలుస్తాము. కాని సిబ్బందికి అసలు సవాలు ఆ తరువాతనే మొదలవుతుంది. అప్పటికే గుమిగూడిన జనం జాలితో క్షతగాత్రుని కాళ్లూ చేతులూ పట్టి ఆటోలోకి ఎక్కిస్తుంటారు. స్పృహలేని వాని నోట నీరు పోస్తుంటారు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ కదలికకు వెన్నుపాము దెబ్బతినవచ్చు. ఆ నీరు ఊపిరితిత్తులలోకి పోవచ్చు. మెడకు పట్టీ బిగించే రెండు నిమిషాలు చుట్టూ ఉన్నవారికి నిర్లక్ష్యంగా తోస్తాయి. కనుక గాయం కంటె ముందు గుంపును సముదాయించవలసి వస్తుంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం, 134ఎ సెక్షన్ ద్వారా, సద్భావంతో ఆదుకున్నవారికి కేసుల భయం తీర్చింది. అది పిలిచిన చేతులకు, మంటల వంటి ముప్పు లేనప్పుడు క్షతగాత్రుని కదపరాదనీ, రక్తస్రావాన్ని గుడ్డతో అదిమి ఆపాలనీ నేర్పే పని మిగిలే ఉంది.