యువ అభిమానికి అందే టికెట్టు

ఇంగ్లండులో ఫుట్‌బాల్ టికెట్టు యువతకు భారంగా మారిన తీరును అర్థం చేసుకోవాలంటే, 97 మంది ప్రాణాలు కోల్పోయిన 1989 నాటి హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటను, దానిపై వెలువడిన టేలర్ నివేదికను చూడాలి. ఆ నివేదిక మేరకు పెద్ద క్లబ్బులు నిలబడి చూసే చవక మెట్ల వరుసలను తొలగించి కుర్చీలు వేశాయి. ధరలు పెంచడానికి ఇది సాకు కారాదని నివేదిక భావించినా, అవి పెరుగుతూనే పోయాయి. 2016లో 77 పౌండ్ల టికెట్టును ప్రతిపాదించినందుకు నిరసనగా లివర్‌పూల్ అభిమానులు వేల సంఖ్యలో ఆట 77వ నిమిషంలో మైదానం విడిచి వెళ్లగా, యాజమాన్యం కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. అదే ఏడాది ప్రీమియర్ లీగ్ క్లబ్బులు పొరుగూరి నుంచి వచ్చే అభిమానుల టికెట్టుకు 30 పౌండ్ల గరిష్ఠ పరిమితి విధించుకున్నాయి. అయితే అది వయసుతో నిమిత్తం లేనిది, సొంత మైదానపు ధరలకు వర్తించనిది.

జర్మనీలో మాత్రం క్లబ్బు ఓటు హక్కులో సగానికి మించిన వాటా సాధారణంగా సభ్యులదే కావాలన్న ‘50+1’ నియమం ధరలకు కొంత కళ్లెం వేసింది. డార్ట్‌మండ్ క్లబ్బు మైదానపు దక్షిణ స్టాండులో నేటికీ దాదాపు 25,000 మంది నిలబడే చూస్తారు. టీవీ హక్కులతో కోట్లు గడించే క్లబ్బులకు యువతకిచ్చే రాయితీ నిజానికి పెద్ద నష్టం కాదు. కానీ సీజన్ టికెట్ల కోసం ఏళ్ల తరబడి సాగే నిరీక్షణ జాబితా ఉన్నచోట, వారికి విడిగా కొన్ని సీట్లు కేటాయించనిదే ఆ రాయితీ కాగితం దాటదు.