ద్రాక్ష మంచిదే... మరి రెడ్ వైన్?

ఆ మధ్య ఓపీకి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు వచ్చారు. వయసు అరవై రెండేళ్లు. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకునే మనిషి. ఈసారి రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగి ఉన్నాయి. తిండిలో ఏమైనా మార్పు జరిగిందా అని అడిగితే, భార్య వైపు ఒకసారి చూసి నెమ్మదిగా చెప్పారు. 'మావాడు బెంగళూరు నుంచి రెడ్ వైన్ తెచ్చినాడు సార్. రోజూ రాత్రి ఒక గ్లాసు తాగుతా ఉండాను. గుండెకు మంచిదంట గదా!'

జీవితంలో ఎన్నడూ మద్యం ముట్టని మనిషి, ఆరోగ్యం కోసమని మొదలుపెట్టారు!

ఈ మాట నేను తరచుగా వింటున్నాను. పలమనేరు దాటి కాస్త పోతే కర్ణాటక. అక్కడి నందిహిల్స్ పరిసరాల్లో వైన్ ద్రాక్ష తోటలున్నాయి. పిల్లలు వారాంతంలో తోట చూసి, వస్తూ ఒక సీసా తెస్తున్నారు. కాబట్టి అందులో ఏముందో తెలుసుకోవడం అవసరం.

రంగంతా తొక్కలోనే

నల్ల ద్రాక్షను ఒలిచి చూడండి. చాలా రకాల్లో లోపలి గుజ్జు తెల్లగానే ఉంటుంది. రంగు, వగరు ఎక్కువగా తొక్కలోనే ఉంటాయి. రెడ్ వైన్ కోసం పండ్లను చిదిమి, తొక్కలతో సహా కొన్ని రోజులు పులియబెడతారు. ఆ సమయంలో రంగునిచ్చే ఆంథోసయనిన్లు, వగరునిచ్చే టానిన్లు, అందరూ చెప్పుకొనే రెస్వెరట్రాల్ రసంలోకి దిగుతాయి. అదే సమయంలో ఈస్ట్ పండులోని చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఈ రెండో పని సంగతే చాలామంది మరచిపోతారు.

ఒకే ద్రాక్ష, ఊరికో రుచి

ఉదాహరణకు మన దేశంలోనూ పండే షిరాజ్ రకాన్ని తీసుకుందాం. దీని సొంత ఊరు ఫ్రాన్స్. అక్కడ సిరా అంటారు. ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందనే కథ ఉన్నా, రెండు ఫ్రెంచి రకాల కలయికతో పుట్టిందని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. చల్లగా ఉండే ఉత్తర రోన్ లోయలో పండితే మిరియాల ఘాటు తెలుస్తుంది. ఆ వాసనకు కారణం రొటండోన్ అనే పదార్థం. మన మిరియాల్లో ఉండేదీ అదే! 1832లో జేమ్స్ బస్బీ ఈ తీగల ముక్కలను ఆస్ట్రేలియాకు చేర్చారు. అక్కడి బరోసా ఎండలకు పండు బాగా మాగి, వైన్ చిక్కగా తయారవుతుంది. మన దేశంలో శీతకాలంలోనూ తీగ పూర్తిగా నిద్రపోదు. అందుకే కొమ్మలు కత్తిరించి కాపును అదుపు చేసి, ఎండలు ముదరకముందే కోస్తారు.

వైద్యుడిగా నేను చూసేది ఇంకొకటి. ఎండ ఎక్కువైతే పండులో చక్కెర ఎక్కువ. చక్కెర ఎక్కువైతే ఆల్కహాల్ ఎక్కువ. చల్లని ప్రాంతాల వైన్‌లో 12.5 శాతం ఉంటే, వేడి ప్రాంతాల వైన్‌లో 14.5 శాతం దాకా ఉండవచ్చు. 150 మిల్లీలీటర్ల గ్లాసులో అది సుమారు 15 నుంచి 17 గ్రాముల ఆల్కహాల్. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది 10 గ్రాములే. అంటే ఆ 'ఒక్క గ్లాసు' ఒకటిన్నర పెగ్గుతో సమానం. రుచి ఏ ఊరిదైనా లివర్‌కు అది ఆల్కహాలే.

గుండెకు మంచిదన్న మాట ఎక్కడిది?

వెన్న, జున్ను బాగా తినే ఫ్రెంచివారిలో గుండెజబ్బులు తక్కువని, అందుకు రెడ్ వైన్ కారణం కావచ్చని 1991లో అమెరికా టీవీలో ఒక కార్యక్రమం వచ్చింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది. అయితే మితంగా వైన్ తాగేవారిలో చాలామందికి మంచి ఆదాయం, మంచి తిండి, వ్యాయామం కూడా ఉంటాయి. పైగా అసలు తాగనివారి జాబితాలో జబ్బు చేసి మానేసినవారూ కలిసిపోతారు. దాంతో వైన్ గొప్పగా కనిపించింది.

వైన్‌కు పేరుపడ్డ ఇటలీలోని కియాంటి ప్రాంతంలో దాదాపు 800 మంది వృద్ధుల్ని ఏళ్ల తరబడి గమనించి, 2014లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం ద్వారా ఒంట్లో చేరిన రెస్వెరట్రాల్ మోతాదుకూ, గుండెజబ్బులు, క్యాన్సర్, మరణాలకూ సంబంధం కనిపించలేదు. మద్యం క్యాన్సర్ కారకం. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

వీరికి ముప్పు మరింత

* గ్లిమెపిరైడ్ వంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి రాత్రిపూట షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇంట్లోవాళ్లు మత్తు నిద్ర అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.
* ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారికి పాంక్రియాస్ వాపు రావచ్చు.
* ఫ్యాటీ లివర్, అధిక బీపీ, గుండె లయ తప్పే సమస్య ఉన్నవారు, గర్భిణులు పూర్తిగా దూరంగా ఉండాలి.
* నిద్రమాత్రలు వాడేవారు అసలు తాగకూడదు. మెట్రోనిడజోల్ వాడుతున్నప్పుడూ వద్దు.
* ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగుతున్నవారు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

మరేం చేయాలి?

పండు తినండి. కోలారు, చిక్కబళ్లాపురం వైపు పండే బెంగళూరు బ్లూ ద్రాక్షకు తొక్క మందంగా ఉంటుంది. బాగా కడిగి, తొక్కతో సహా నమలండి. షుగర్ ఉన్నవారు పది, పదిహేను పండ్లతో ఆపాలి. జ్యూస్ వద్దు. అందులో పీచు పోయి చక్కెరే మిగులుతుంది. రెస్వెరట్రాల్ మన చెనిక్కాయల్లోనూ కొద్దిగా ఉంటుంది. వేయించినవాటికంటే ఉడకబెట్టినవాటిలో ఎక్కువ. గుండెకు అసలైన రక్ష మాత్రం బీపీ, షుగర్ అదుపు, రోజూ అరగంట నడక, పొగాకుకు దూరం.

ఆ మాస్టారు వైన్ మానేశారు. మూడు నెలల తర్వాత ట్రైగ్లిజరైడ్లు దిగొచ్చాయి. 'మావాడికి చెప్పినా సార్, ఈసారి వస్తే ద్రాక్ష పండ్లే తెమ్మని' అన్నారు నవ్వుతూ. 'పదిహేనుకు మించొద్దు' అని గుర్తుచేశాను.