అమ్మకు ఆ మెసేజ్ పంపే ముందు...

2024 సెప్టెంబరు 1. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం నీట మునిగాయి. అక్కడ అమ్మానాన్నలున్న వాళ్లకు దుబాయ్‌లోనో, కువైట్‌లోనో నిద్రెలా పడుతుంది? ఫోన్ చేస్తే కలవదు. కరెంటు లేక సెల్‌లో చార్జింగ్ ఉండదు.

అలాంటప్పుడు వాట్సాప్‌లో ఏది కనబడినా 'ఇంట్లోవాళ్లకు పనికొస్తుందేమో' అని పంపేస్తాం. చిక్కంతా అక్కడే. 'గల్ఫ్ నుంచి మావాడు పంపాడు' అంటే ఊళ్లో దానికి తిరుగుండదు మరి!

కేరళలో ఏమైంది?

మీ రూములో ఉండే మలయాళీ సోదరులను అడగండి. 2018 ఆగస్టు వరదల తర్వాత అక్కడ ఎలుక జ్వరం వ్యాపించింది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో తిరిగితే కాలి పగుళ్లు, పుండ్ల గుండా ఆ క్రిములు ఒంట్లోకి చేరతాయి. బురదలో పనిచేసేవాళ్లు వారానికోసారి డాక్సీసైక్లిన్ మాత్ర వేసుకోవాలని ఆరోగ్య శాఖ చెప్పింది. ఆ మాత్ర వద్దంటూ ఓ ప్రకృతి వైద్యుడి వీడియో ఫేస్‌బుక్‌లో తిరిగింది. పోలీసులు ఆయన్ను అరెస్టు చేశారు. మాత్ర ఎందుకు అవసరమో డాక్టర్లు కూడా అదే ఫేస్‌బుక్‌లో మలయాళంలో వివరించారు.

మీరు ఏం పంపాలి?

* నీళ్లు సలసల మరిగాక ఇంకో నిమిషం ఉంచి, చల్లార్చి తాగమనండి. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ఇవ్వాలి.

* ఇల్లు కడిగేటప్పుడు బూట్లు, గ్లవుజులు వేసుకోవాలి. మూలల్లో పాములుంటాయి, జాగ్రత్త. పాము కరిస్తే కోతలు, నాటు మందులు వద్దు. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లాలి.

* జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. వరద నీళ్లలో తిరిగిన సంగతి తప్పక చెప్పాలి.

* డాక్సీసైక్లిన్ సొంతంగా కొని వేసుకోవద్దు. గర్భిణులకు, చిన్నపిల్లలకు మామూలుగా అది ఇవ్వరు.

ఎలా పంపాలి?

ఏ తేదీది, ఏ ఊరిది, ఎవరు చెప్పింది? ఈ మూడూ లేని మెసేజ్‌ను అక్కడే ఆపేయండి. పెద్ద వీడియోలు వద్దు. వాళ్ల ఫోన్లో ఉన్న కాస్త చార్జింగ్ కూడా అయిపోతుంది. చదువు రాని అమ్మకు అర నిమిషం వాయిస్ మెసేజ్ చాలు. పొరపాటున తప్పుది వెళ్లిందా? సిగ్గుపడకుండా అదే గ్రూపులో 'అది తప్పు' అని చెప్పండి.

ఇంట్లోవాళ్లు మీ మాట నమ్ముతారు. అందుకే పంపే ముందు ఒక్క నిమిషం ఆగండి.