ఇబోగా వేరు - వ్యసన విముక్తి



వ్యసన మను మాటకు సంస్కృతమున ఆపద యనియు అర్థము కలదు. పానము, జూదము మొదలగు వానిని మన పూర్వులు సప్తవ్యసనములలో చేర్చిరి. అట్టి వ్యసనమును దూరదేశపు వేరొకటి ఒక్క రాత్రిలో మాన్పునను వార్త ఈ నడుమ వినవచ్చుచున్నది. అందలి సత్య మెంత, ప్రమాద మెంత యనునది నేడు విచారింతము.

ఆఫ్రికా ఖండపు పడమటి తీరమున, భూమధ్యరేఖపై, గాబన్ అను దేశము కలదు. అచటి యడవులలో ఇబోగా అను పొద పెరుగును. ఇది మన గన్నేరు, నందివర్ధనముల కుటుంబమునకు చెందినది. దీని వేరుబెరడు మిక్కిలి చేదు. కొంచెము తినిన ఆకలియు, అలసటయు తెలియవు. అధికముగా తినిన మెలకువలోనే స్వప్నముల వంటి దృశ్యములు తోచును. మిత్సోగో, ఫాంగ్ మొదలగు జాతులవారు 'బ్విటీ' యను మతదీక్షలో దీనిని సేవింతురు. రాత్రియంతయు తంత్రీవాద్యము మ్రోగుచుండును. అనుభవజ్ఞులగు పెద్దలు దీక్షితుని విడువక కనిపెట్టుకొని యుందురు. వారికిది ముఖ్యముగా దీక్షయే గాని, మత్తు మాన్పుటకై పుట్టిన మందు కాదు.

1901లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు ఈ వేరునుండి ఇబోగెయిన్ అను సారమును వేరుచేసిరి. 1962లో న్యూయార్కు నగరమున హోవర్డ్ లాట్సాఫ్ అను పందొమ్మిదేండ్ల యువకుడు దానిని సేవించెను. అతడు హెరాయినుకు బానిస. నల్లమందునుండి మార్ఫిన్, మార్ఫిన్ నుండి హెరాయిన్ పుట్టును. దానిని మానినవానికి ఒడలి నొప్పులు, వణకు, వాంతులు, నిద్రలేమి తప్పవు. ఇతడు క్రొత్త మత్తునుగూర్చిన కుతూహలముతో ఇబోగెయిన్ పుచ్చుకొనెనే గాని చికిత్స కోరి కాదు. ఒక దినమునకు పైబడి ఆ ప్రభావము నిలిచి తొలగినపిదప, రావలసిన బాధ రాలేదనియు, హెరాయినుపై కోరిక లేదనియు కనుగొనెను. అంతవరకు ఓదార్పుగా తోచిన ఆ మత్తు అప్పుడు మృత్యువునకు ప్రతిరూపముగా కనబడెనని అతడు చెప్పుకొనెను. అతని మిత్రులలోను కొందరు కొన్ని మాసములు మత్తు మానిరి. 1985లో అతడు ఈ చికిత్సకు అమెరికాలో పేటెంటు పొందెను, 2010లో మరణించెను.

దీనిని సేవించినవారి యనుభవములలో పోలిక కలదు. మొదట చెవులలో హోరు, కాళ్ళ తూలు, వాంతులు. పిమ్మట కొన్ని గంటలు దృశ్యములు. అటుపై నిదుర పట్టక, గడచిన బ్రదుకునంతయు తలపోయుట. తమవలన నొచ్చినవారిని కన్నులకు కట్టినట్లు చూచితిమని పలువురు చెప్పిరి. కాలేయము ఈ ద్రవ్యమును మరియొక ద్రవ్యముగా మార్చును. అది దేహమున కొన్నాళ్ళు నిలుచును. కోరిక అణగి యుండుటకు అదియు నొక కారణమని శాస్త్రజ్ఞుల యూహ.

ఇక ప్రమాదము వినుడు. ఈ మందు గుండె లయను చెరచును. 1990 మొదలు 2008 వరకు దీనిని సేవించిన కొలదికాలమునకే సంభవించిన 19 మరణములను వైద్యులు పరిశీలించి ప్రకటించిరి. న్యూజీలాండులో పదునలుగురిని ఏడాదిపాటు గమనించిన పరిశోధన 2018లో వెలువడెను. పలువురికి మేలు కలిగినది. ఒకరు చికిత్సాకాలముననే మరణించిరి. 2025లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రము వైద్యుల పర్యవేక్షణలో దీనిని పరీక్షించుటకు ధనము కేటాయించినది. అనగా నిజము తేలవలసియే యున్నది.

ఒకే కుటుంబపు మొక్కలని ఒకే గుణ ముండునని తలపరాదు. సర్పగంధి రక్తపు పోటును తగ్గించును. బిళ్ళగన్నేరునుండి రక్తపు క్యాన్సరుకు మందు తీసిరి. పచ్చగన్నేరు గింజ ప్రాణమునే తీయును. ఇవన్నియు ఇబోగాకు చుట్టములే. కావున ఎవ్వడేని సంచిలో వేళ్ళు తెచ్చి త్రాగుడు మాన్పెదనన్న నమ్మి బిడ్డల నప్పగింపకుడు. ఇబోగెయిన్ మేలు చేసెనన్న సాక్ష్యములు పెక్కును నల్లమందుజాతి మత్తులను గూర్చినవే గాని సారాయిని గూర్చినవి కావు.

గ్రామపెద్దలు మరియొక విషయము నెరుగవలయును. ఏండ్ల తరబడి దినమెల్ల త్రాగినవానిని గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించుట సాహసము. వణకు, మూర్ఛలు, సంధిప్రలాపము పుట్టి ప్రాణమునకే మోసము రావచ్చును. వైద్యుని యొద్దకు కొనిపోవలయును. ప్రభుత్వమువారి 14446 సంఖ్యకు టెలిఫోను చేసిన సలహా దొరకును.

మందు పనిచేసినను, పాత స్నేహములకు మరలినవానికి పాత కోరిక మరల వచ్చునని అనుభవజ్ఞులే చెప్పుచున్నారు. మానివచ్చినవానిని రచ్చబండకడ ఎగతాళి చేయక, చేతికి పని యిచ్చి, పండుగనాడు పంక్తిలో కూర్చుండబెట్టుట మన చేతిలోని పని. గాబన్ పెద్దలు దీక్షితునికడ రాత్రియంతయు కూర్చుందురని చెప్పితిని. ఆ వేరు మనకు వలదు. ఆ కూర్చుండుట మాత్రము మనము నేర్వదగినది.