టిక్కెట్టు అడిగిన బాలిక

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భమున, ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ పదునాలుగేండ్ల సేవిక యొకతె కావలి యుండెను. టిక్కెట్టు లేక వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె లోనికి పోనీయలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొనియిచ్చిన పిదపనే దారి విడిచినది. ఆమెయే దుర్గాబాయి.

ఈ ముచ్చట అందఱు నెఱిగినదే. అంతకంటె గొప్పది ఆమె చదువు. ఉప్పు సత్యాగ్రహమున చెఱసాల కేగి వచ్చిన పిదప మెట్రిక్యులేషనునకు చదివిరి. 1942లో న్యాయశాస్త్ర పట్టము నందిరి. ఆ నడుమనే, 1937లో, మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. తాము పడిన ప్రయాస తక్కిన స్త్రీలకు తప్పవలెనని కాబోలు!

రాజ్యాంగసభలో, రాజ్యసభ సభ్యత్వమునకు ముప్పదియైదేండ్లు నిండవలె ననగా, ముప్పది చాలునని సవరణ తెచ్చి నెగ్గించుకొనిరి. 1952 ఎన్నికలలో మాత్రము ఓడిపోయిరి. మఱుసటి యేడే కేంద్ర సాంఘిక సంక్షేమమండలికి తొలి అధ్యక్షురాలైరి.