కొల్లేట్లో ఫోన్ టెస్ట్: జీపీఎస్ పాస్, మ్యాప్ ఫెయిల్.. ఆఫ్ చేయాల్సిన సెట్టింగ్ మాత్రం వేరే!

మడ అడవుల్లో గైడ్‌తో పడవెక్కి చేపల వేటకు వెళ్లే వీడియోలు మీరూ చూసే ఉంటారు. మన దగ్గర మడ చెట్లు కావాలంటే కోరింగ వెళ్లాలి. నేను మాత్రం కైకలూరు మీదుగా కొల్లేటికోట వెళ్లాను. ఇక్కడ మడ చెట్ల బదులు మనిషెత్తు కిక్కిస, ఉప్పునీళ్ల బదులు మంచినీళ్లు. ఫోన్‌ను ల్యాబ్‌లో కాకుండా నిజమైన నీళ్ల మీద టెస్ట్ చేయాలన్నది ప్లాన్.

జనవరి నెల, పొద్దున ఆరు. పెద్దింటి అమ్మవారి గుడికి కాస్త దూరంలో దోనె ఎక్కాం. ఇక్కడే పుట్టి, ఇక్కడే చేపలు పట్టే బాబాయ్ నా గైడ్. ఆయన చేతిలో వెదురు గెడ. నా చేతిలో రెండేళ్ల నాటి మిడ్‌రేంజ్ ఫోన్, అందులో ముందే డౌన్‌లోడ్ చేసుకున్న ఆఫ్‌లైన్ మ్యాప్.

జీపీఎస్, బ్యాటరీ

కాసేపటికే సిగ్నల్ ఒక గీతకి పడిపోయింది. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది. అందుకే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేశా. చాలామంది అప్పుడు జీపీఎస్ కూడా ఆగిపోతుందనుకుంటారు. ఆగదు. శాటిలైట్ సిగ్నల్‌కి డేటాతో పని లేదు. పైన చెట్టూ బిల్డింగూ లేని చోట మామూలు ఫోన్ కూడా మనం ఉన్న చోటును 5 మీటర్ల అటూ ఇటూగా చూపిస్తుంది. నాలుగున్నర గంటలు రూట్ రికార్డ్ చేస్తే బ్యాటరీ 92 నుంచి 64 శాతానికి వచ్చింది. ఇందులో ఫోన్‌కి ఫుల్ మార్కులు.

మ్యాప్ దగ్గరే దెబ్బ పడింది

మ్యాప్‌లో ఒక కాలువ నీట్‌గా, నీలంగా కనిపించింది. "బాబాయ్, ఇటు షార్ట్‌కట్ ఉంది" అన్నా.

"రాత్రి గాలి తిరిగింది బాబూ. డెక్కంతా అందులోకి వచ్చేసుంటది" అన్నాడాయన.

నేను పట్టుబట్టా. ఆయన నవ్వి దోనె తిప్పాడు. పావుగంట తర్వాత ముందంతా గుర్రపుడెక్క. గెడ వేస్తే కదలదు, వెనక్కి తిరగడానికి చోటు లేదు. మేం ఎక్కడున్నామో ఫోన్ కరెక్ట్‌గానే చూపిస్తోంది. దారి ఎక్కడుందో దానికి తెలీదు. శాటిలైట్ ఫొటో ఎప్పుడో తీసింది, డెక్క మాత్రం గాలి ఎటు తోస్తే అటు పోతుంది. బయటపడేసరికి గంట దాటింది, బాబాయ్ అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. నా మొండితనానికి పడిన బిల్లు అది.

టచ్, కెమెరా

తడి వేళ్లతో టచ్ పిచ్చిపిచ్చిగా పనిచేసింది. స్క్రీన్ వేలిని గుర్తుపట్టేది విద్యుత్ చార్జ్‌తో. నీటి చుక్క కూడా దానికి వేలిలాగే అనిపిస్తుంది. వాల్యూమ్ బటన్‌తో ఫొటోలు తీయడమే మేలు.

కొర్రమీను గాలి పీల్చడానికి పైకొస్తుంది. "అదిగో, అక్కడ లేస్తది" అని బాబాయ్ ముందే చెప్పేవాడు. నేను స్లోమోషన్ ఆన్ చేసేలోపు నీళ్ల మీద సుడి మాత్రమే మిగిలేది. ఆరుసార్లు ప్రయత్నిస్తే ఒక్కటీ పడలేదు.

అసలు సెట్టింగ్

కిక్కిస చాటున ఆయన పెట్టిన మావులు ఎత్తాడు. ఒకదాంట్లో రెండు కొర్రమీనులు, ఇంకోదాంట్లో నాలుగు జెల్లలు. ఫొటోల మీద ఫొటోలు కొట్టా. అప్పుడాయన మెల్లగా అన్నాడు: "ఫొటో తీసుకో గానీ, ఈ చోటు ఎవరికీ చెప్పకు బాబూ. మా నాన్న చూపించిన చోటిది."

"చెప్పను" అన్నా. వెంటనే గుర్తొచ్చింది: నేను చెప్పక్కర్లేదు, ఫోనే చెప్పేస్తుంది. కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉంది. ప్రతి ఫొటోలో అక్షాంశం, రేఖాంశం దాక్కుని ఉన్నాయి. దానికి తోడు నేను రికార్డ్ చేసిన రూట్.

కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. 2006లో ఇక్కడి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇన్ని మార్పుల మధ్య ఆ మావుల చోటే బాబాయ్ ఆస్తి. దాన్ని నేను ఒక్క అప్‌లోడ్‌తో ఊరందరికీ పంచేసేవాణ్ణి.

దోనెలోనే ట్రాక్ డిలీట్ చేశా, ఫొటోల్లోంచి లొకేషన్ తీసేశా. ఆ ఫొటోల్లో ఒక్కటీ ఇక్కడ పెట్టడం లేదు.

మీరు వెళ్తే

- కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఒడ్డునే ఆఫ్ చేయండి. ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే లొకేషన్ కూడా దాంతోపాటే వెళ్తుందని మర్చిపోవద్దు.
- ఐపీ68 ఉందని ధైర్యం వద్దు. ఆ టెస్ట్ కొత్త ఫోన్‌కి, శుభ్రమైన నీళ్లలో చేస్తారు. పౌచ్ తప్పనిసరి.
- తడిసిన ఫోన్‌కి వెంటనే చార్జర్ పెట్టొద్దు.
- దారి విషయంలో గెడ పట్టుకున్న మనిషి మాట వినండి. అప్‌డేట్ ఆయన దగ్గరే ఉంటుంది.